వినేటప్పుడు చూడాలి సావిత్రిని

మా ఇంట్లో సావిత్రి పేరుకి ముందూ వెనకా ఏమీ తగిలించేవాళ్ళు కాదు. భానుమతి అయితే భానుమతిగారు. కన్నాంబ మాట వస్తే గొంతు కాస్త తగ్గేది. సావిత్రి మాత్రం ఉత్త సావిత్రే. "సావిత్రి చిక్కిపోయిందే, ఎవరైనా కాస్త చూసుకోకూడదూ" అని మా అమ్మమ్మ వాపోతుంటే, పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ "ఎవరండీ, మీ తోడికోడలి కూతురా?" అని అడిగింది. అమ్మమ్మ కాదనలేదు.

అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. సావిత్రి పుట్టిన చిర్రావూరు తాడేపల్లి దగ్గర. రెండూ ఒకే జిల్లాలో ఉండటం అమ్మమ్మకి చుట్టరికం కింద సరిపోయింది. 1981 డిసెంబరు 26న సావిత్రి పోయింది. ఆ సంగతి రేడియో వార్తల్లో వినగానే అమ్మమ్మ పొయ్యి మీది గిన్నె దించి, నూతి దగ్గరకెళ్ళి తలారా నీళ్ళు పోసుకుంది. ఎవరు పోయారని ఇంట్లో ఒక్కరూ అడగలేదు, అందరూ విన్నారు కాబట్టి. అప్పటికి నేను బాగా చిన్నదాన్ని. ఒక సినిమా మనిషి కోసం కూడా స్నానం చేస్తారని ఆ రోజే తెలిసింది.

2018లో సావిత్రి జీవితం మీద 'మహానటి' సినిమా వచ్చాక నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కీర్తి సురేశ్ ఆ పాత్రకి జాతీయ అవార్డు అందుకుంది, అందుకోవలసిందే. ఆ సినిమా చూసొచ్చిన మా అక్క కూతురూ, దాని స్నేహితులూ, నాతో పనిచేసే పిల్లలూ అందరిదీ ఒకటే ప్రశ్న: అసలు సావిత్రి సినిమాలు ఏవి చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? అలా అడిగినవాళ్ళంటే నాకు చెప్పలేనంత ఇష్టం. చాలామంది అక్కడిదాకా రారు. ఆమె పెళ్ళి గురించి, అప్పుల గురించి, చివర్లో నెలల తరబడి కోమాలో పడి ఉండటం గురించి గంటసేపు చెప్తారు. 'చివరకు మిగిలేది' చూశారా అంటే ఆ పేరే విననట్టు చూస్తారు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళపాటు కెమెరా ముందు చేసిన పనంతా ఆమె కష్టాల వెనక్కి వెళ్ళిపోవడం నాకు సహించదు. అందుకే ఈ నాలుగు మాటలూ పని గురించే.

ముందుగా అమ్మమ్మ నేర్పిన సూత్రం ఒకటి చెప్పాలి. దూరదర్శన్ రోజులు. శుక్రవారం చిత్రలహరి, శనివారం సాయంత్రం సినిమా. మా వీధిలో టీవీ ఉన్న ఇంటి వరండాలో చాపలు పరిచేవాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి అరుగు మెట్లే గతి. పెద్దవాళ్ళంతా ఆ సినిమాల్ని ఎప్పుడో డేరా హాల్లో, నేల టిక్కెట్టు మీద, ఘంటసాల 'నమో వేంకటేశా' అయ్యాక తెర లేచిన రోజుల్లో చూసినవాళ్ళే. కథ అందరికీ కంఠతా వచ్చు. నేనేమో రామారావు మాట్లాడుతుంటే రామారావు వైపు, నాగేశ్వరరావు మాట్లాడుతుంటే నాగేశ్వరరావు వైపు చూసేదాన్ని. ఒకసారి అమ్మమ్మ నా గడ్డం పట్టుకుని తెరలో రెండో పక్కకి తిప్పింది. "రామారావు మాటలు చెవులతో విను. కళ్ళు సావిత్రి మీద పెట్టు."

ఇంతకంటే పెద్ద పాఠం నటన గురించి నాకు ఇంకెవరూ చెప్పలేదు. సావిత్రి డైలాగు గొప్పగా చెబుతుంది, నిజమే. ఏడుపు ఆమె ఏడ్చినట్టు ఇంకొకరు ఏడవలేరు, అదీ నిజమే. కానీ ఆమె అసలు విద్య వినడంలో ఉంది. ఎదుటివాళ్ళు మాట ఎత్తుకోగానే ఆ మాట ఎటు పోతుందో ఆమెకి తెలియనట్టే ఉంటుంది. సగం మాట దగ్గర అనుమానం, మాట పూర్తయ్యే లోపే అర్థమైపోవడం, అర్థమైనా బయటపడకూడదని కనురెప్పలు వాల్చేయడం, ఇదంతా ఒక్క షాటులో జరిగిపోతుంది. స్క్రిప్టు ముందే చదువుకున్న మనిషి తన ఎదుట మొదటిసారి ఆ మాట విన్నట్టు ఉండటం ఎంత కష్టమో, ఏ పెళ్ళిలోనైనా వీడియో అతను "ఇంకోసారి నవ్వండి" అన్నప్పుడు మనకే తెలుస్తుంది.

ఎవరైనా మొదలుపెట్టాల్సింది 'మిస్సమ్మ' (1955) తోనే. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. సావిత్రి అంటే కన్నీళ్ళు అనుకుని వచ్చేవాళ్ళకి ఇందులో కనిపించేది ఒక చిరాకు మనిషి. నిరుద్యోగి అయిన మేరీ, నిరుద్యోగి అయిన ఎం.టి.రావు, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి అప్పాపురం జమీందారు బడిలో చేరతారు. మేరీ క్రైస్తవుల ఇంట పెరిగిన పిల్ల, ఇక్కడ హిందూ ఇల్లాలిగా వేషం వేయాలి. ఇంటి దగ్గర అప్పు తీర్చకపోతే పెళ్ళి చేసుకుంటానని రమణారెడ్డి వేసిన డేవిడ్ కాచుకుని ఉంటాడు. ఇన్ని చిక్కుల మధ్య రామారావు చల్లగా, తాపీగా ఉంటాడు. ఆ తాపీతనమే మేరీకి ఒళ్ళుమంట.

ఆ పాత్ర నిజానికి భానుమతిది. కొంత షూటింగు జరిగాక నిర్మాత చక్రపాణితో పొసగక ఆవిడ తప్పుకున్నారు. రెండో నాయికగా అనుకున్న సావిత్రికి మేరీ వేషం, సావిత్రి వేయాల్సిన సీత వేషం జమునకి దక్కాయి. సావిత్రి వయసు అప్పటికి ఇరవైకి అటూ ఇటూ. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, మార్కస్ బార్ట్లే కెమెరా, ఎదురుగా ఎస్వీ రంగారావు, రామారావు, నాగేశ్వరరావు, రేలంగి. అంతమంది మధ్య ఆ అమ్మాయి కథనంతా తన మూతివిరుపు మీద నడిపించింది.

అమ్మమ్మ సూత్రాన్ని ఇక్కడే వాడి చూడండి. జమీందారు దంపతులు మేరీని కూతురిలా చూసుకుంటూ ఆప్యాయంగా మాట్లాడే ఘట్టాలు చాలా ఉన్నాయి. వాళ్ళు తన కన్నవాళ్ళేనని మేరీకి తెలియదు, తప్పిపోయిన మహాలక్ష్మి ఈమేనని వాళ్ళకీ తెలియదు. వాళ్ళ మాటలు వింటూ సావిత్రి ముఖంలో విసుగు తగ్గుతూ వస్తుంది, ఆ స్థానంలో ఇంకేదో వస్తుంది, అది ఏమిటో ఆమెకే అంతుపట్టదు. ఇక రావు సీతకి సంగీతం చెప్పడం మొదలుపెట్టాక మేరీలో అసూయ. తనకి ఇతనంటే పట్టదని తానే చెప్పుకున్న మనిషి కదా, ఎలా చూపించాలి? ఆమె పాడే 'తెలుసుకొనవె చెల్లి', రామారావు పాడే 'తెలుసుకొనవె యువతి' రెండూ ఒకే వరసలో ఒకదానికొకటి బదులు. రామారావు పాట వింటున్న సావిత్రిని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 'రావోయి చందమామ' సంగతి చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకి చాడీలు చెప్పుకునే పాట అది. ఎ.ఎం.రాజా గొంతు, పి.లీల గొంతు. చరణాలు మారుతున్నకొద్దీ ఆమె కోపంలో ఎంతవరకు నిజం ఉందో లెక్క కట్టుకోవడం నాకు ఇప్పటికీ సరదా.

రెండోది 'మాయాబజార్' (1957). ఇది అందరూ చూసే ఉంటారు. అయినా చెప్పాల్సింది ఒకటుంది. ఇందులో సావిత్రి రెండు వేషాలు వేసింది, రెండోది ఘటోత్కచుడి వేషం! మాయా శశిరేఖ అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఎస్వీ రంగారావు. ఆయన భుజం కదిపే తీరు, ఆ ఠీవి, ఆ అడుగు బరువు, కళ్ళు పెద్దవి చేయడం, అన్నీ తన ఒంట్లోకి తెచ్చుకుంది. తెచ్చుకుని ఊరుకుందా? అవన్నీ ఒక రాకుమారి దాచిపెడుతున్నట్టు, దాచినా మధ్యమధ్య బయటపడుతున్నట్టు చేసింది. అంటే శశిరేఖగా నటిస్తున్న ఘటోత్కచుడిగా సావిత్రి నటించింది. 'అహ నా పెళ్ళంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరే చోటు ఉంది చూడండి, ఆ క్షణంలో ఆమె ముఖం. ఈ పాటకి నృత్యం కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి గారికీ దండం పెట్టాలి. "ఆ పాటలో నడిచేది రంగారావే" అని అమ్మమ్మ తీర్పు. ఇంతకన్నా చక్కని విమర్శ నేనెక్కడా చదవలేదు.

ఒక విన్నపం. 2010లో 'మాయాబజార్'కి రంగులద్ది విడుదల చేశారు. పిల్లలకి చూపించడానికి అది బాగానే పనికొచ్చింది, నేనూ చూపించాను. కానీ మొదటిసారి చూసేవాళ్ళు నలుపూ తెలుపులోనే చూడండి. 'లాహిరి లాహిరి లాహిరిలో' పాటలో బార్ట్లే పట్టిన వెన్నెలకి ఏ రంగూ అక్కర్లేదు. పడవలో వరుసగా జంటలు వస్తాయి, అందరి ముఖాల మీదా వెలుగు ఒకేలా పడుతుంది, సావిత్రి ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వెలుగు లోపలినుంచి వస్తున్నట్టుంటుంది.

'దేవదాసు' (1953) ఎందుకు ముందు చెప్పలేదని కొందరు అలుగుతారు. అది గొప్ప సినిమా కాదని ఎవరన్నారు? వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల పాటలు, అన్నీ తలమీద పెట్టుకోదగ్గవే. అయితే చిన్న వయసులో చూస్తే కళ్ళన్నీ నాగేశ్వరరావు మీదే ఉంటాయి. పార్వతి దొరకదు. నాకూ పెళ్ళయ్యాకే దొరికింది. ముసలి జమీందారు ఇంట్లో ఇల్లాలుగా, తన ఈడు సవతి పిల్లలకి తల్లిగా నిలబడిన పార్వతిని చూడండి. నిన్నటిదాకా మామిడితోటలో గెంతిన పిల్ల ఆ ఇంటి తాళాలు అందుకోగానే ఎంత పెద్దదైపోయిందో! ఆ వేషం వేసేనాటికి సావిత్రికి ఇరవై నిండలేదు. అందుకే 'దేవదాసు' కొంచెం ఆగి చూడమంటాను. ముప్ఫై దాటాక చూస్తే మరీ మంచిది.

'మూగమనసులు' (1964) దగ్గర మా ఇంట్లో రెండు పార్టీలుండేవి. మా అమ్మ జమున పక్షం. గౌరి చిందులు, 'గోదారీ గట్టుంది' పాట, ఆ మాటల వాడి, అవి చూస్తే ఎవరికైనా ఈల వేయబుద్ధేస్తుంది, అమ్మ పక్షం గట్టిదే. అమ్మమ్మ మాత్రం రాధ దగ్గరనుంచి కదిలేది కాదు. వంటింట్లో పప్పు రుబ్బుతూ కూడా ఈ వాదన నడిచేది. విజయవాడ రేడియోలో 'ముద్దబంతి పువ్వులో' వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదలు. "గౌరి మాట్లాడుతుంది గనక మీకు వినపడింది. రాధ మాట్లాడకుండా ఎన్ని చెప్పిందో మీకెవరికీ పట్టలేదు" అనేది అమ్మమ్మ.

ఇన్నేళ్ళకి నేను పూర్తిగా అమ్మమ్మ వైపే. ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ కథకి మూగమనసులని పేరు పెట్టడంలోనే రాధ ఉంది. జమీందారు కూతురు, పడవ నడిపే గోపి. అతను 'అమ్మాయిగారూ' అని పిలుస్తాడు, ఆమె పలుకుతుంది. వాళ్ళ మధ్య ఉన్నదానికి ఇద్దరిలో ఎవరూ పేరు పెట్టరు. 'నా పాట నీ నోట పలకాల సిలకా' అని అతను పాట నేర్పుతుంటే, చదువుకున్న అమ్మాయిగారు శ్రద్ధగా విని నేర్చుకుంటుంది. ఆ శ్రద్ధలో ఉంది ప్రేమ. ఆత్రేయ, ముళ్ళపూడి వెంకటరమణల మాటలు, కె.వి.మహదేవన్ బాణీలు. ఆ తర్వాత పెళ్ళై వెళ్ళిపోయి, బొట్టు పోగొట్టుకుని తిరిగి వచ్చిన రాధ. అక్కడినుంచి సావిత్రి నడకే మారిపోతుంది. 'పాడుతా తీయగా చల్లగా' పాటంతా పాడేది నాగేశ్వరరావు, ఆమెకి అందులో ఒక్క మాటా లేదు. ఆ పాట చూడండి, మరి. ఘంటసాల గొంతు ఎవరికోసం అంత మెత్తబడిందో ఆమె ముఖం చూస్తేనే తెలుస్తుంది.

ఇక నేను అందరికీ బతిమాలి చూపించే సినిమా 'చివరకు మిగిలేది' (1960). పాటల పుస్తకాల్లో దీని పేరు పెద్దగా కనిపించదు, టీవీలో అరుదుగా వస్తుంది. బెంగాలీ రచయిత ఆశుతోష్ ముఖర్జీ కథ. బెంగాలీలో సుచిత్రా సేన్, తర్వాత హిందీలో వహీదా రెహమాన్ వేసిన పాత్రే తెలుగులో సావిత్రి వేసింది. గుత్తా రామినీడు దర్శకుడు. ప్రభాకర్ రెడ్డికి ఇదే మొదటి సినిమా, ఆయన నిజంగానే డాక్టరు చదివిన మనిషి.

పిచ్చాసుపత్రిలో నర్సు పద్మ. ప్రేమ దక్కక మతి తప్పిన రోగికి ఆ ప్రేమ మళ్ళీ దొరికినట్టు చేస్తే నయమవుతుందని పెద్ద డాక్టరు నమ్మకం. ఆ ప్రేమ నటించాల్సింది పద్మ. నటిస్తుంది. రోగికి నయమవుతుంది, ఇంటికి వెళ్ళిపోతాడు, పెళ్ళి చేసుకుంటాడు. డాక్టరుకి ప్రయోగం గెలిచింది. పద్మ మనసు ఏమైందని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆమె చేసింది డ్యూటీ. మళ్ళీ ఇంకో రోగి వస్తాడు. మళ్ళీ అదే చేయమంటారు.

ఇక్కడ సావిత్రి చేసిన పని ఎంత సన్నటిదో చూడండి. ప్రేమ నటించే నర్సుగా నటించాలి, ఆ నటనలో ఎక్కడ నటన ఆగి నిజం మొదలైందో ప్రేక్షకుడికి తెలియాలి, ఆ అమ్మాయికి మాత్రం తెలియకూడదు. రోగి తన పాత కథ చెప్పుకుంటుంటే ఆమె వింటుంది. మొదట్లో నర్సులా వింటుంది, చేతిలో పని ఉంటుంది, కళ్ళు అతని ఆరోగ్యాన్ని కనిపెడుతుంటాయి. కొన్ని ఘట్టాలయ్యాక అదే మనిషి అదే గదిలో వింటుంది, కానీ చేతులు ఆగిపోయి ఉంటాయి. వినడం అనే ఒక్క పనితోనే ఒక మనిషి కూలిపోవడం చూపించింది. చివర్లో పద్మే ఆ ఆసుపత్రిలో రోగి అవుతుంది. ఆ ఘట్టం గురించి ఇంతకంటే చెప్పను.

ఈ సినిమా మా ఇంట్లో అందరం కలిసి చూసిన రోజున మా పిన్ని మధ్యలో లేచి వెళ్ళిపోయింది. పిన్ని నర్సుగా చేసేది. ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగలేదు. తర్వాత ఎప్పుడో బియ్యం ఏరుతూ, "ఆ పిల్లకి ఒక్కరోజు సెలవిచ్చినా బతికేది" అంది. పద్మ గురించి. నాకు ఆ పాత్ర ఎంత నిజమో ఆ మాటతో తెలిసింది. ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని చూడండి. ప్రింటు బాగోలేదని ఆపొద్దు.

కన్నీళ్ళకి విరామం కావాలనుకునే రోజున 'గుండమ్మ కథ' (1962). కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, రామారావుకి నూరో సినిమా. సూర్యకాంతమే ఆ సినిమాకి రాణి, అందులో అనుమానం లేదు. సావిత్రిది సవతి కూతురు లక్ష్మి పాత్ర. నలిగిన చీర, పొద్దస్తమానం చాకిరీ, మాటలు తక్కువ. పనివాడి వేషంలో అంజి వచ్చి ఆమె పని తాను అందుకుని రుబ్బురోలు తిప్పుతూ 'లేచింది నిద్రలేచింది మహిళాలోకం' అంటాడు. ఆ పాటలో అందరూ రామారావు చిందులు చూస్తారు. మీరు ఒకసారి లక్ష్మిని చూడండి. తన పని ఇంకొకరు చేస్తుంటే కూర్చుని చూడటం ఆమెకి అలవాటు లేదు. ఆ కొత్తదనం, ఆ మొహమాటం, నవ్వొచ్చినా నవ్వవచ్చో లేదోనన్న సందేహం. మా అమ్మమ్మ చిన్ననాడే తల్లి పోయి సవతి తల్లి చేతికింద పెరిగింది. ఈ పాటొస్తే పడీపడీ నవ్వేది, అంత నవ్వాక పైట చెంగుతో కళ్ళు తుడుచుకునేది.

'నర్తనశాల' (1963) పౌరాణికమని పక్కన పెట్టకండి. పద్యాలు అర్థం కావని మా అక్క కూతురు మొదట మొండికేసింది. సైరంధ్రిగా సావిత్రి, కీచకుడిగా ఎస్వీ రంగారావు ఎదురుపడే ఘట్టాలు చూశాక మాట్లాడలేదు. ఆ పాత్రకి రంగారావు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడనిపించుకున్నారు. అంత పెద్ద నటుడు అంత దగ్గరగా నిలబడి మాట్లాడుతుంటే, దాసి వేషంలో తలదించుకుని ఉన్న మహారాణి ఎలా వింటుంది? భయం ఉంది, అసహ్యం ఉంది, నా అయిదుగురు భర్తలు ఎవరో తెలిస్తే నీ గతేమిటిరా అన్న గర్వం ఉంది, అజ్ఞాతవాసం చెడుతుందేమోనన్న జాగ్రత్త ఉంది. 'జననీ శివకామినీ' పాటలో ఇవన్నీ ఒకచోట చేరి మొక్కుగా మారతాయి. ఈ రోజుల్లో ఉద్యోగం చేసే చోట పైవాడి చూపు భరించే ఆడపిల్లలు ఈ సైరంధ్రిని చూస్తే బాగా గుర్తుపడతారు.

ఇంకా చాలా ఉన్నాయి. అమాయకుడైన భర్తని మనిషిని చేసుకునే 'అర్ధాంగి' (1955), శ్రీశ్రీ 'కలకానిది విలువైనది' ఉన్న 'వెలుగు నీడలు' (1961), రెండు పాత్రల్లో కనిపించే 'దేవత' (1965). 'డాక్టర్ చక్రవర్తి' (1964) కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా తీసింది, నంది అవార్డులు పెట్టాక ఉత్తమ చిత్రంగా మొదటి బంగారు నంది దీనికే వచ్చింది. అనుమానించే భర్తగా జగ్గయ్య అద్భుతం. ఆ అనుమానం మాటల్లోకి రాకముందే మాధవి దాన్ని పసిగట్టే తీరు చూడాలి. 'నీవు లేక వీణ' పాట విని ఊరుకోవద్దు, కథలో దాని చోటు చూడండి. యూట్యూబులో పాటల ముక్కలే చూసి సావిత్రిని చూశామనుకోవడం అన్యాయం. రెండున్నర గంటల్లో ఒక ముఖం ఎంత ప్రయాణం చేసిందన్నది ముక్కల్లో దొరకదు.

ఆమె దర్శకత్వం సంగతి కూడా చెప్పాలి. 1968లో 'చిన్నారి పాపలు' తీసింది, సంగీతం పి.లీల. 'మిస్సమ్మ'లో తనకి పాడిన గొంతుని పిలిచి సంగీత దర్శకురాలి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళంతా కలిసి ఒక సినిమా తీయడానికి పూనుకోవడం మామూలు సాహసం కాదు. అది ఆడలేదన్న మాటే అందరూ చెప్తారు. చేసింది అన్న మాట ముందు చెప్పాలి కదా.

చివరికి దాచుకున్నది 'రక్తసంబంధం' (1962). అదే ఏడాది 'గుండమ్మ కథ'లో జంటగా కనిపించిన రామారావు, సావిత్రి కొన్ని నెలల తేడాతో అన్నాచెల్లెళ్ళుగా వచ్చారు. తెలుగు జనం ఒప్పుకుంటారా అని ఎవరికైనా సందేహం వస్తుంది. ఒప్పుకోవడం కాదు, అన్నాచెల్లెళ్ళంటే ఇలా ఉండాలని ఇళ్ళల్లో చెప్పుకునేదాకా వెళ్ళింది. మాతృక తమిళ 'పాసమలర్', అందులోనూ చెల్లెలు సావిత్రే, అన్న శివాజీ గణేశన్. ఒకే పాత్ర రెండు భాషల్లో ఇద్దరు మహానటుల ఎదుట వేసి, రెండు చోట్లా వేరే మనిషిలా కనిపించింది. శివాజీ ముందు ఆమె అంతకంతకీ కరుగుతుంది, రామారావు ముందు బెట్టుగా నిలబడి ఒక్కసారిగా విరిగిపోతుంది. తెలుగులో మాటలు ముళ్ళపూడివి, ఆయన మాటలతో విడుదలైన మొదటి సినిమా ఇదే. 'చందురుని మించు అందమొలికించు' పాటలో ఆ అన్న ఒక చోట, ఆ చెల్లెలు ఒక చోట తమ బిడ్డల్ని ఆడిస్తూ పాడుకుంటారు. మధ్యలో దూరం. అతని చరణం ఆమెకి వినపడదు, అయినా విన్నట్టే ఉంటుంది ఆమె ముఖం.

దీన్ని మాత్రం ఒక్కరే కూర్చుని చూడొద్దు. అన్నో తమ్ముడో, చెల్లెలో అక్కో ఒకే ఊళ్ళో ఉంటే పిలిపించుకోండి. మాటలు లేని చుట్టరికమైతే మరీ తప్పనిసరిగా పిలవండి. సినిమా అయ్యాక ఏం మాట్లాడాలో ముందే ఆలోచించుకోనక్కర్లేదు, అన్నం మాత్రం అందరికీ సరిపడా వండి ఉంచండి.